నిచ్చెన పట్టుకున్న మనిషి

సంవత్సరాంతపు కృతజ్ఞతారాధనకి ఇంకా గంటే ఉంది. చర్చిలో మధ్య లైటు వెలగట్లేదు. ఎలక్ట్రీషియనైన మా ఆయన, వేసవిలో నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, మళ్లీ మొదటిసారి నిచ్చెనెక్కారు.

"గట్టిగా పట్టుకోవే," అన్నారు.

రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాను. గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, ఇన్ని నెలలూ మంచంమీద కాపాడావు, నీకు స్తోత్రం. ఈ పది నిమిషాలూ కూడా కాపాడు తండ్రీ. ఆమెన్."

కళ్లు తెరిస్తే నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి. నిచ్చెన వదిలేశాను! గభాల్న పట్టుకున్నాను.

పైన ఆయన చెమటలు కక్కుతూ, కొయ్యబారిపోయి నన్నే చూస్తున్నారు.

"చూసి కూడా అరవలేదేమండీ?"

"నాకోసమేగా అడుగుతున్నావు," అన్నారు. "మధ్యలో ఎలా ఆపను? ఆమెన్ అనేదాకా కదల్లేదు."