చిట్టి పేరు పెట్టిన వైన్

వైన్ కొనడానికొచ్చిన వ్యాపారి గ్లాసును కిటికీ వెలుతురుకెత్తి చూసింది. ఒక గుక్క నోట్లో తిప్పి, మింగింది.

"ఎన్ని రకాల ద్రాక్ష కలిపారండీ?"

"మూడు," అన్నాడు తోట యజమాని. "సగం పై తోటది. రంగు కోసం వాగు పక్కది. మూడోది పిసరంత. అది లేకపోతే రుచి నోట్లో నిలవదు. ఆ పాళ్ళు కుదిర్చింది మా ఆవిడే."

ఆయన భార్య బల్ల అవతల గ్లాసులు తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"సీసా మీద చిట్టి అని ఉంది, ఎవరు?"

తుడిచే చెయ్యి ఆగింది.

"మా అమ్మాయి," అన్నాడాయన. "ఆరేళ్ళప్పుడు పోయింది. జ్వరమొచ్చి."

వ్యాపారి గ్లాసు కింద పెట్టేసింది. "అయ్యో, తెలీక అడిగాను."

"అడిగితే తప్పేముందమ్మా. పేరు తలుచుకునేవాళ్ళు ఒకరు పెరిగారు."

భార్య తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది. పన్నెండేళ్ళుగా ఆ జ్వరం మాట ఆయన నోట వచ్చినప్పుడల్లా ఆవిడకు కాళ్ళ కింద నేల చీలితే బాగుండుననిపిస్తుంది.

"మీ తోటకి మందు కొట్టరని విన్నాను. ఎప్పుడు మానేశారు?"

"చిట్టి పోయిన ఏడే."

"మరి నష్టం రాలేదూ?"

రాకేం. ఆ మరుసటేడే ఆకులకు బూజు పట్టి సగం పంట నేలపాలైంది. సొంత తమ్ముడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. "ఒక్కసారి కొట్టు అన్నయ్యా, ఎవరు చూడొచ్చారు?" ఈయన వినలేదు. కొట్టంలో ఉన్న మందు డబ్బాలను పిచికారీ పంపు, చేతి తొడుగులతో సహా చిట్టి పోయిన వారానికే బండికెత్తి పంపేశాడు. ఒక్క డబ్బా కూడా మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. మందు కొట్టకుండా మందెలా చేస్తాడో చూద్దామని ఊరు నవ్వింది. కూతురు పోయి మతి చెడిందంది. మొండిఘటమని పేరు పెట్టింది. తమ్ముడు వాటా పంచుకుని వెళ్ళిపోయాడు. ఎవరెన్ని అన్నా ఆయన కారణం మాత్రం చెప్పలేదు.

"నేల మీద ప్రేమ అని రాసుకోనా?" వ్యాపారి చిన్న పుస్తకం తెరిచింది. "సీసా వెనక వేద్దాం. జనం చదువుతారు."

"మీకెలా తోస్తే అలా రాయండి."

ఆయన లేచి బల్ల అవతలికి వెళ్ళాడు. భార్య చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకున్నాడు.

"తుడిచిందే తుడుస్తున్నావు. నువ్వు కాసేపు కూర్చో, నేను తుడుస్తాను."

ఆ ఏడు తోటకు కొట్టగా మిగిలిన పురుగుమందును పళ్ళరసం సీసాలో పోసి, చిట్టి చేతికందే చోట పెట్టి మరిచిపోయింది ఆవిడే.