దెబ్బ తగలకుండా

"నాన్నకి సీరియస్‌గా ఉంది మావయ్యా. అత్తకి మెల్లగా సెప్పి తీసుకొచ్చీ," అని మేనల్లుడు ఆనంద్‌కుమార్ ఫోన్ పెట్టేశాడు.

భావనారాయణకి అర్థమైపోయింది. మనవైపు ఫోన్‌లో సీరియస్ అన్నారంటే మనిషి లేడనే. సీతారామారావు పోయాడు. ఆయన తన భార్య జగదీశ్వరికి అన్నయ్య. తన చెల్లెలు ఉషని ఆయనకే ఇచ్చారు. కుండమార్పిడి పెళ్లిళ్లు.

చెల్లెలు తలపుకొచ్చింది. అయినా ముందు భార్య సంగతి చూడాలి. తల్లి పోయిందన్న కబురు వింటూనే కుప్పకూలి ఆస్పత్రి పాలైన మనిషి.

భావనారాయణ చీపురుపల్లిలో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ మాస్టారు. ద్రవ్యవేగంలో మార్పు ఎంతో అంతే, దాన్ని ఎక్కువసేపట్లో జరగనిస్తే దెబ్బ తగ్గుతుంది. బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగమనేది అందుకే. ఏటా పిల్లలకి చెప్పే ఈ పాఠం ఇవాళ ఇంట్లో అక్కరకొచ్చింది.

మీ అన్నయ్యకి కాస్త నలతగా ఉందట, చూసొద్దాం అన్నాడు. ఆవిడ అప్పుడే పెరట్లో ఎవరితోనో ఫోన్ మాట్లాడి లోపలికొచ్చింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, భర్త బీపీ బిళ్లలు, మంచినీళ్ల సీసా సంచిలో వేసుకుంది.

బస్సు కదిలాక జ్వరం అన్నాడు. పొందూరు దాటాక ఆస్పత్రి అన్నాడు. ఆవిడ కళ్లొత్తుకుంటూ, ఉష వదినకీ ఒంట్లో బాగోలేదట, ఆయాసంగా ఉంటోందట అంది. తను ఒకటి చెబుతుంటే ఈవిడ ఇంకోటి ఎత్తుతుందేమిటని విసుక్కున్నాడు.

శ్రీకాకుళంలో ఆటో ఎక్కాక ఐసీయూలో పెట్టారట అన్నాడు.

"ఏదైనా జరగొచ్చు. గుండె దిటవు చేసుకో," అన్నాడు.

"మీరూ సేసుకోండి," అంటూ ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "వదినకి మరీ ఎక్కువగా ఉందట."

ఆవిడ పడిపోలేదు, గోల పెట్టలేదు. సూత్రం మనుషుల మీద కూడా పనిచేస్తుందని భావనారాయణకి అంత దుఃఖంలోనూ కాస్త గర్వమనిపించింది.

అరసవల్లిలో ఇంటి ముందు ఆటో ఆగింది. వాకిలి నిండా జనం.

ఆ జనంలోంచి సీతారామారావు ఎదురొచ్చి, బావగారి భుజం చుట్టూ చెయ్యి వేసి, చెల్లెలి వైపు తిరిగి మెల్లగా అడిగాడు: "ఉష సంగతి బావకి ఎంతవరకూ సెప్పేవమ్మా?"