రెండో సుద్దగీత

“ఎనిమిది నిమిషాల పదకొండు సెకన్లు,” అన్నాడు నాన్న, చేతిగడియారం మీంచి తల ఎత్తకుండా.

మిడత మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒగర్చింది. చిన్నప్పుడు కాలు ఒకచోట నిలవదని పెట్టిన ఆ ముద్దుపేరు ఇరవై ఏడేళ్ళు వచ్చినా ఆమెను వదల్లేదు. అగ్నిమాపక దళంలో ఉద్యోగం రావాలంటే పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. ఒక్క సెకను ఎక్కువైనా ఇంటికి పంపేస్తారు. వయసు లెక్కన ఆమెకిదే ఆఖరి అవకాశం, పరీక్షకేమో ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. ఆ పదకొండు సెకన్లు మాత్రం జిడ్డులా పట్టుకుని వదలడం లేదు.

“ఇంకొక్కసారి పరిగెత్తనా?”

“వద్దు. నీళ్ళు తాగి నీడకి రా.”

నాన్న దర్జీ. పరుగు గురించి ఆయనకు తెలిసిందల్లా కిందటి వేసవిలో ఎముకల డాక్టరు చెప్పిన నాలుగు ముక్కలే. అప్పుడు మిడత ఎవరి మాటా వినకుండా పొద్దునా సాయంత్రమూ చాలక మిట్టమధ్యాహ్నం కూడా పరుగెత్తింది. పరీక్షకు వారం ఉందనగా మోకాలి కింద ఎముకలో సన్నటి చీలిక వచ్చింది. పరీక్ష రోజంతా మంచం మీద కాలు చాపుకుని, గోడకేసి చూస్తూ గడిపింది.

ఈ ఏడు పగ్గాలు నాన్న పట్టుకున్నాడు. ఎండెక్కక ముందే పరుగు. ఒకరోజు గట్టిగా పరుగెత్తితే మర్నాడు నడక. ఎముక కాస్త సలిపినా ఆ రోజుకి సెలవు. ఫోను ఇంట్లోనే ఉండాలి, చేతిలో బరువుంటే భుజం వంగుతుందట.

దారి కూడా ఆయనే కొలిచాడు. తారురోడ్డు కాళ్ళకు మంచిది కాదని పాత గోదాము చుట్టూ ఉన్న మట్టిబాటను ఎంచుకున్నాడు. ఒంటి కొలతలు తీసే టేపు రెండో కొస అమ్మ చేతికిచ్చి, ఒక ఆదివారమంతా వంగి వంగి కొలిచి, గోడ మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశాడు. మొదటి గీత దగ్గర బయల్దేరి, నాలుగు చుట్లు తిరిగి, ఇంకా ముందుకెళ్ళి రెండో గీత దాటితే పరుగు పూర్తయినట్టు. నడుం పట్టేసి అమ్మ రెండు రోజులు సణుగుతూనే ఉంది.

ఆ రోజు దుకాణానికి ఒక టీచరమ్మ పాత కోటు పట్టుకొచ్చింది. ఒళ్ళు చేశానని, ఇక దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యాల్సిందేనని దిగులు పడింది. నాన్న లోపలి కుట్టు విప్పి, మడతలో ఉన్న గుడ్డ వదిలి, పావుగంటలో తొడిగించి పంపాడు. గుడ్డ ఎక్కువ అడుగుతాడని వీధంతా ఆయన్ని ఆడిపోసుకునేది. అయినా లోపల నాలుగు వేళ్ళ వెడల్పు వదలందే ఆయన కత్తెర పట్టేవాడు కాదు. మిడత ఇవేవీ చూసే స్థితిలో లేదు. బొత్తాలు కుడుతూ, పదకొండు, పదకొండు అని గొణుక్కుంటూ వేలిలో సూది దించుకుంది.

వారం గడిచింది. ఒకరోజు తొమ్మిది సెకన్లు ఎక్కువ, ఇంకోరోజు పన్నెండు. గోదాము వైపు అడుగు వెయ్యాలంటేనే భయం. అంత భయంతో పొద్దున్నే బూట్లు తొడుక్కోవడమే పెద్ద పనైపోయింది.

ఒక మధ్యాహ్నం నాన్న దారపు ఉండల కోసం బజారుకు వెళ్ళగానే ఆమె గోదాము వైపు జారుకుంది. నెత్తి మాడిపోతున్నా లెక్కచెయ్యలేదు. రెండో చుట్టులో మోకాలి కింద సూది పొడిచినట్టయింది. కిందటేటి చోటే. మిడత టక్కున ఆగిపోయింది.

కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి నాన్న గుమ్మంలో ఉన్నాడు. కింద కూర్చుని ఆ ఎముక వెంట బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాడు. లేచి, ఆమె బూట్లు తీసుకెళ్ళి కత్తిరించే బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాడు. నాలుగు రోజుల దాకా వాటి ఊసెత్తవద్దన్నాడు.

“పరిగెత్తకపోతే ఆ సెకన్లెలా తగ్గుతాయి నాన్నా? కాలు మిగిలి ఉద్యోగం పోతే నాకేం లాభం?”

ఐసు మూట కడుతున్న అమ్మ ఏదో చెప్పబోయింది. నాన్న ఆమె వైపు చూశాడు. అమ్మ తలొంచుకుని మూట బిగించింది.

“కాళ్ళు నువ్వు చూసుకో,” అన్నాడు నాన్న. “కొలతలు నేను చూసుకుంటాను.”

ఏం చూసుకుంటాడో మిడతకు అర్థం కాలేదు. జన్మలో మొదటిసారి నాన్న మీద పట్టరాని కోపం వచ్చింది. మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది. నాలుగోరోజుకి నొప్పి పోయింది, బూట్లు బయటికొచ్చాయి. పరీక్షకు రెండు రోజుల ముందు ఆఖరిసారి పరుగెత్తితే మళ్ళీ అదే పదకొండు.

పరీక్ష రోజు పొద్దున ఆమె బూట్ల ముడులు రెండుసార్లు విప్పి కట్టింది. వరసలో నిలబడి, మళ్ళీ అదే అంకె వినాలి కాబోలు అనుకుంది. ఈల మోగింది. తర్వాత ఆమెకు గుర్తున్నది ఎదుట పరుచుకున్న ఎర్రటి బాట, చెవుల్లో తన ఊపిరే. ఎముక సలపలేదు. గీత దాటి కూలబడ్డాక అధికారి ఏడు నిమిషాల నలభై ఏడని చదివాడు. ఆమె నమ్మక మళ్ళీ అడిగింది. ఆయన గడియారం ఆమె వైపు తిప్పి చూపించాడు.

సాయంత్రం దుకాణంలో నాన్న ఆమెకు యూనిఫాం కొలతలు తీస్తున్నాడు. గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని భుజం మీద టేపు పరిచాడు. మరీ వదులుగా వద్దని మిడత ముందే చెప్పింది. అమ్మ ఫక్కున నవ్వి, ముఖం అటు తిప్పుకుంది.

ఆ నవ్వెందుకో మిడతకు తెలియలేదు. పొద్దుట్నుంచీ తొలుస్తున్న మాట అడిగేసింది.

“మన బాట మీద వేసవంతా రానిది పరీక్షలో ఒక్కరోజులో ఎలా వచ్చింది నాన్నా?”

నాన్న పళ్ళ మధ్య నుంచి గుండుసూదులు తీసి, ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

“గోదాము దగ్గర ఎనభై మీటర్లు లోపలి కుట్టుకి వదిలానమ్మా.”