వెనక చక్రం దగ్గర మనిషి

ముసలాయన మళ్లీ వచ్చి కారు వెనక చతికిలబడ్డాడు.

గుమ్మంలో కూర్చుని పిల్ల షారోనుకు అన్నం పెడుతున్న సోనీ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"సూడు, మల్ల వచ్చిండు," అంది మొగుడితో.

"ఎవరు?" కారు లోపలినుంచి కృపాకర్ మాట మాత్రమే వచ్చింది, మనిషి రాలేదు.

"గాయనే. వచ్చిన కాడికెంచి మన షారోనునే సూస్తడు."

"సూస్తె సూడనియ్యి. నా పని నన్ను చేసుకోనియ్యి."

కృపాకర్ కంచన్‌బాగ్‌లో వెల్డింగు పనికి పోతాడు. ఎవరో తుక్కుకు వేయబోయిన మారుతి కారును ఇంటిముందుకు తెచ్చుకుని, ఏడాదిగా దానికే అంకితమైపోయాడు. బండిని నేలకు ఆనేంత కిందికి దించాడు. వెడల్పు టైర్లు ఎక్కించాడు. ఫైబర్ బంపర్లు తానే పోసి బిగించాడు. రేపు ఆదివారం 'మీట్', ఇలాంటి బండ్లు చేయించుకునే వాళ్లంతా ఒకచోట కలుస్తారు. అక్కడ నలుగురి కళ్లలో పడితే సొంత షాపు పెట్టుకోవచ్చని వాడి ఆశ.

ఇంకా లైట్లకు వైర్లు కలపలేదు. సీట్లు బిగించలేదు.

సోనీ ఫికరు వేరే. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్లో రోజుకో మెసేజి. నిద్రలో కూడా ఆమె చెయ్యి పిల్ల కోసం తడుముకుంటోంది.

రంగు వేయడానికి వచ్చిన ప్రేమ్‌రాజ్ కారు వెనక్కి వంగి చూశాడు.

"ఏంది తాతా, మల్ల రాయి పెట్టినవా చక్రానికి?"

"గల్లీ ఏటవాలుగుంది గద బిడ్డా. ఉండనియ్యి."

"బంపర్‌కు గీతలు వడ్తున్నయి. గేరుల ఉంది బండి, యాడికి పోదు."

"హ్యాండ్ బ్రేకు ఉందా?"

"కిందికి దించేటప్పుడు దాని వైరు తీసేసినం. మీట్ల ఎవడన్న హ్యాండ్ బ్రేకు సూస్తడా తాతా? సోకు సూస్తరు."

ప్రేమ్‌రాజ్ కాలితో రాయిని పక్కనున్న మోరీ కాలవలోకి నెట్టాడు.

ముసలాయన లేచాడు. మోరీలో చెయ్యి పెట్టి రాయి తీసి, తన లుంగీకే తుడిచి, మళ్లీ చక్రం కింద పెట్టాడు.

"గీయన పిచ్చోడు వదినా," అని నవ్వాడు ప్రేమ్‌రాజ్.

సోనీ కంచం కడగడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చి చూసింది.

ముసలాయన షారోను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు.

"బండెనక ఆడొద్దు తల్లీ, ఇటు రా," అంటున్నాడు.

సోనీకి ఆ మాట వినబడలేదు. చెయ్యి ఒక్కటే కనబడింది. గద్దలా పోయి పిల్లను లాక్కుంది.

"ఏడికి తీస్కపోతున్నవ్ నా పిల్లను? సూస్తనే ఉన్న నిన్ను."

గల్లీ అంతా బయటికొచ్చింది. ప్రేమ్‌రాజ్ ముసలాయన కాలరు పట్టుకున్నాడు. చెంప మీద ఎవరిదో చెయ్యి పడింది. ఆయన చక్రం వైపే చూశాడు.

"రాయి మాత్రం తియ్యకున్రి," అన్నాడు.

కృపాకర్‌కు ఒళ్లు మండింది. లేచి వచ్చి ఆ రాయిని ఎత్తి గోడ అవతలికి విసిరేశాడు.

"అయిపాయె. ఇగ పో. మల్ల గీ గల్లీల కనవడకు."

ముసలాయన పోయాడు. పోయి, దిగువన మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

పొద్దు వాలుతోంది. పని తెమలడం లేదు. కృపాకర్ బానెట్‌లో తల దూర్చి వైర్లు కలుపుతున్నాడు. ప్రేమ్‌రాజ్ లోపల కూర్చుని కొత్త గేరు రాడ్డు బిగిస్తున్నాడు. బిగుతుగా ఉందో లేదో చూద్దామని ఇటూ అటూ కదిలించాడు.

బండి గేరులోంచి ఊడింది.

కారు వెనక్కి జరిగింది. చప్పుడు లేదు. బ్రేకు తొక్కుదామంటే పెడలు ఏదో బండి నడపడం రాని ప్రేమ్‌రాజ్ కాలికి తెలియలేదు.

తల్లి కన్నుగప్పి గల్లీ దిగువకు పోయిన షారోను సుద్దముక్కతో రోడ్డు మీద గీతలు గీస్తోంది.

సోనీ గుమ్మంలోంచి అప్పుడే చూసింది.

మెట్టు మీదనుంచి ముసలాయన లేవడం ఎవరూ చూడలేదు. పిల్లను ఒక చేత్తో పక్కకు తోశాడు. రాయి కోసం అటూ ఇటూ చూసినట్టున్నాడు, దొరకలేదు. తానే చక్రానికి అడ్డం పడ్డాడు.

కారు ఆగింది.

ఆదివారం కారు పోలీసు స్టేషను ఆవరణలో ఉంది. కృపాకర్ దాని పక్కనే కూర్చున్నాడు.

సోనీ పిల్లను చంకనేసుకుని పెద్దాసుపత్రికి పోయింది. శవాలగది బయట గోడకానుకుని ఒక ముసలామె కూర్చుంది. పేరు సత్తెమ్మ అన్నారు. ముసలాయన భార్యట.

సోనీ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"నేనే ఎల్లగొట్టించిన అమ్మా. పిల్లల్ని ఎత్కపోయేటోడనుకున్న."

సత్తెమ్మకు కోపం రాలేదు.

"శానమంది గట్లనే అనుకున్నరు బిడ్డా. ఏ గల్లీల బండి ఆగినా, పిల్లలుంటె పోయి దాని ఎనక కూసునెటోడు. మస్తు సార్లు తన్నులు తిని వచ్చిండు."

"ఎందుకమ్మా గట్ల?"

సత్తెమ్మ షారోను తల నిమిరింది.

"గీ ఈడుదే మా పిల్ల. ట్రాలీ ఆటో ఎనక ఆడుకుంటుండె. డ్రైవరు చాయ్ తాగొస్తనని దిగిపోయిండు. ఆటో జారింది."

సోనీ చెయ్యి తన పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"గా డ్రైవరు దొరికిండా అమ్మా?"

"దొరుకుడేంది బిడ్డా, నిన్నటిదాంక నా ఇంట్లనే ఉండె, ఇయ్యాల గీ లోపల పండుకున్నడు."