ఆరో లెక్క

"లంచమా? అదీ పసుపు కొమ్ములా?"

హెడ్‌మాస్టర్ లక్ష్మీనర్సయ్య బల్లమీది కాగితం పొట్లాన్ని కలం కొసతో పక్కకు నెట్టాడు. చేత్తో ముట్టుకుంటే ముప్పై ఏళ్ల సర్వీసు మైలపడుతుందన్నట్టు మొహం పెట్టాడు.

"లంచం కాదు సార్," అన్నాడు గంగాదాస్. "మీరొక్కరే జర విప్పి చూడుండ్రి. విద్యావతి మేడం రెండు నిమిషాలు బయటికి పోతే అంతా చెప్త."

"మేడం ఎక్కడికీ పోదు. ఆమె సాక్షి. దొంగలతోటి నేను ఒంటరిగ మాట్లాడ."

గంగాదాస్ ఆ బడిలోనే చదివాడు. లెక్కలు నేర్చుకున్నది లక్ష్మీనర్సయ్య దగ్గరే. ఇప్పుడు పొద్దున నారాయణదాస్ అడ్తి దుకాణంలో పసుపు శాంపిళ్లను పాత కాగితాల్లో పొట్లాలు కట్టి వ్యాపారులకు పంపుతాడు. సాయంత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాడు. మొన్ననే సర్కారు బడిలో టీచరుగా ఎంపికయ్యాడు. చేరడానికి ఇక ఒక్కటే తక్కువ, చదివిన బడి ఇచ్చే నడవడిక సర్టిఫికెట్. దానికోసం వచ్చి దొరికిపోయాడు.

లక్ష్మీనర్సయ్య సొరుగులోంచి ఒక సైక్లోస్టైల్ పుస్తకం తీసి, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తాడు. 'గ్యారంటీ ప్రశ్నలు - 1992' అని ఉంది అట్టమీద. పది రోజుల కిందట గంగాదాస్ తన ట్యూషన్ పిల్లలకు పంచిన పుస్తకమది.

"నిన్నటి ప్రీఫైనల్ లెక్కల పేపర్ల ఐదు ప్రశ్నలు దీంట్ల ఉన్నయి, అంకెలతో సహా! జిల్లా అంతటికీ ఒక్కటే పేపర్. లక్కముద్ర కవర్ల వచ్చింది. నీకెట్ల దొరికింది?"

"గివి పరీక్షల వస్తయని నాకు తెల్వదు సార్. మంచి లెక్కలని రాసుకున్న."

"ఎక్కడ చూసి రాసుకున్నవ్?"

గంగాదాస్ పొట్లం వంక చూశాడు, విద్యావతి వంక చూశాడు. "మేడం ముందట చెప్పను సార్."

"చెప్పవు. ఎందుకు చెప్తవ్? సర్కారు ప్రశ్న సర్కారు సొత్తు. కొలువుల చేరకముందే దానికి కన్నం పెట్టినవ్. మీ గైడ్లోళ్లంతా గంతే. పాత పేపర్లు దించుడు, పేరు మార్చి అచ్చేసుడు. సొంత బుర్ర లేనోళ్లు చేసే పని!"

"పాత ప్రశ్నలు చేపిస్తే పిల్లగాండ్లకు లెక్క వస్తది గద సార్. మీరూ మాకు గట్లనే చేపిచ్చిండ్రు."

"నాతోటి పోల్చుకుంటున్నవా?"

లక్ష్మీనర్సయ్యకు అంత మంట ఎందుకో ఆ గదిలో ఉన్నవాళ్లకు చెప్పేది కాదు. ఆ పేపరు తయారుచేసింది ఆయనే. వానాకాలంలో తలుపులు మూసుకుని, నాలుగుసార్లు చిత్తు రాసి, సాపు చేసి, భార్య కమలాబాయికి కూడా తెలియకుండా తన చేత్తో లక్క కరిగించి ముద్రవేసి పంపాడు. అంత నిష్ఠగా దాచిన ప్రశ్నలను, గోళ్ల సందుల్లో పసుపు కూడా వదలని ఈ మనిషి ముట్టుకున్నాడు. తలుచుకుంటేనే ఆయనకు చీదర పుట్టింది.

ఊడుస్తున్న అటెండర్ పోచయ్య చెత్తబుట్ట ఎత్తబోయాడు.

"ఏయ్ పోచయ్యా, గా చిత్తుకాగితాలు పారేస్తవేంది? కట్టగట్టు. మా ఇంట్ల చిన్న ముక్క గూడ పాతకాగితాలోనికి తూకానికి పోవాల్సిందే." పొదుపు నేర్పాక మళ్లీ పుస్తకం అందుకున్నాడు. "చూడుండ్రి మేడం, వీనికి దొంగతనం గూడ సరిగ్గ రాలే. ఐదు ఎత్తుకొచ్చి, ఆరోది సొంతంగ అతికిచ్చిండు. 'డిచ్‌పల్లి నుంచి ఒకడు సైకిలు మీద, మెండోర నుంచి ఒకడు నడిచి ఆర్మూరుకు బయలుదేరిరి. ఎవరు ముందు చేరుదురు?' మెండోర ఎంత దూరమో రాయనేలేదు! గాడిద గూడ గిట్లాంటి లెక్క రాయదు."

విద్యావతి పకపకా నవ్వింది. గంగాదాస్ నవ్వలేదు.

"గాడిద అనకుండ్రి సార్," అన్నాడు మెల్లగా. "తప్పుందని తెల్సు. తప్పు పట్టుమని పిల్లగాండ్లకు ఇచ్చిన."

"సమర్థింపు గూడనా!"

ఆయన కాగితం తీసి జిల్లా విద్యాధికారికి ఫిర్యాదు రాశాడు. చివరి వాక్యం తనకే ముచ్చటేసి పైకి చదివాడు. "ఈ ప్రశ్నలు బయటికి పోవుటకు కారకుడైన ఉద్యోగి ఎంతటివాడైనను, కనికరింపక కొలువు నుండి తొలగించవలెను."

గంగాదాస్ బల్ల దగ్గరికి జరిగాడు. "సార్, గా ఒక్క ముక్క కొట్టెయ్యుండ్రి. నా మీద ఏమన్న రాసుకోండ్రి."

"ఓహో! ఎవరో పెద్దమనిషిని కాపాడుతున్నవన్న మాట."

లక్ష్మీనర్సయ్య సంతకానికి సిద్ధంగా ఉన్న గంగాదాస్ సర్టిఫికెట్‌ను నిలువునా చింపి బుట్టలో వేశాడు. విద్యావతి సాక్షి సంతకం పెట్టింది. పోచయ్య కవరు జేబులో పెట్టుకుని నిజామాబాద్ బస్సుకు పరుగెత్తాడు.

"పొట్లం మాత్రం మీరే విప్పుండ్రి సార్. ఇంకెవ్వరికీ ఇయ్యకుండ్రి," అని దండం పెట్టి వెళ్లిపోయాడు గంగాదాస్. కొలువు పోయినవాడి ఆ వినయం చూసి కూడా లక్ష్మీనర్సయ్యకు రోతే పుట్టింది.

విద్యావతి క్లాసుకు వెళ్లింది. గదిలో ఆయనా, పొట్లమూ మిగిలారు. లంచం తీసుకోవడం నీచమే. కానీ మంచి పసుపును పారేయడం ఆయన స్వభావంలో లేదు. విరిచి రంగు చూద్దామని దారం తెంపాడు. బస్టాండు వైపు నుంచి నిజామాబాద్ బస్సు హారను వినిపించింది.

కొమ్ములు బల్లమీదికి దొర్లాయి. చేతిలో మిగిలిన కాగితం మీద వరసగా ఐదు లెక్కలు, వాటి కింద ఎర్రసిరాతో కొట్టేసిన డిచ్‌పల్లి సైకిలు లెక్క.

రాత తనదే.