ఎనిమిది గంటల అంకె

మువ్వ టీవీ వాళ్లు స్టూడియోలోకి గొర్రెపిల్లను తెచ్చారు.

"నిజమైందే సార్. అరుస్తుంది సుత," అన్నాడు అసిస్టెంట్ నరేశ్, ఫోన్ మీంచి కళ్లెత్తకుండా.

దుర్గేష్ తమ సెట్ వైపు చూశాడు. చేమంతి టీవీలో ఏ కార్యక్రమం ఎప్పుడు రావాలో నిర్ణయించే ఉద్యోగం అతనిది. తాము వేసిన క్రిస్మస్ పశువుల పాకలో ఉన్నవి థర్మోకోల్ గొర్రెలు.

క్రిస్మస్ సాయంత్రం. చేమంతి ఆఫీసు పంజాగుట్టలో, మువ్వ ఆఫీసు అమీర్‌పేటలో. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. రెండు చానెళ్ల కళ్లూ ఒక పట్టుచీరల దుకాణం ఇవ్వబోయే ఏడాది ప్రకటనల మీదే. రేటింగులు వచ్చేదాకా ఆగే ఓపిక ఆ షావుకారుకు లేదు. రెండు చానెళ్లూ యూట్యూబ్‌లో కూడా లైవ్ ఇస్తాయి. ఎంతమంది చూస్తున్నారో చెప్పే అంకె సరిగ్గా ఎనిమిదింటికి ఎవరిది పెద్దదైతే, ప్రకటనలు వాళ్లకే అన్నాడు.

"అవి రాకపోతే ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదయ్యా," అన్నారు యజమాని రాఘవయ్య గారు. "హ్యాపీ న్యూ ఇయర్ ఇప్పుడే చెప్పేస్తున్నా."

నెల కిందట దుర్గేష్ క్రిస్మస్ పాటలు ఇవాళ సాయంత్రం ఆరింటికని షెడ్యూల్లో వేశాడు. మువ్వ ఐదున్నరకు జరిపింది. ఇతను ఐదన్నాడు. వాళ్లు నాలుగున్నర అన్నారు. చివరికి రెండు చోట్లా క్రిస్మస్ తాత మధ్యాహ్నం రెండింటికే, మండే ఎండలో మంచు కురిపించుకుంటూ దిగాడు.

మువ్వలో ఇదే ఉద్యోగం చేసేవాడు వంశీధర్. ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. ఇప్పుడు దుర్గేష్ బుర్రలో సగం అతనిదే. స్నానం చేస్తున్నా, అన్నం కలుపుతున్నా, వంశీధర్ ఏం ఆలోచిస్తుంటాడా అనే ఆలోచన. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు మర్చిపోతాడు గానీ, వంశీధర్ ఎన్నింటికి టీ తాగుతాడో మర్చిపోడు. ఇవాళ ఎవరి పుట్టినరోజన్నది రెండు ఆఫీసుల్లోనూ ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

గోడ మీద పెద్ద తెర. దాని మీద రెండు అంకెలు. ఆరింటికి చేమంతి ఇరవై ఆరు, మువ్వ ఇరవై రెండు. వేలు కాదు, వందలు కాదు. అయినా ఏ పండక్కీ చేమంతి ఇరవై దాటి ఎరగదు.

గొర్రెపిల్ల అరిచాక మువ్వ ముప్పై ఒకటి అయింది.

"ఒంటెను తెప్పించండి," అన్నాడు దుర్గేష్. "నరేశ్, మువ్వలో ఇంకేం జరుగుతోంది?"

"ఒక్కన్ని ఎన్నని చూడాలె సార్? తాతను చూసేసరికి పాట అయిపోతుంది."

నిజమే అనిపించింది. ఎడిటింగ్ వాళ్లను పిలిచి పనులు పంచాడు. ఒకరు తాతను చూడాలి, ఒకరు పాటగాళ్లను, ఒకరు కింద పరిగెత్తే అక్షరాలను. కొవ్వొత్తులు ఎన్నో లెక్కపెట్టే పని హైందవిది. అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు మువ్వ లైవ్ తెరిచి కూర్చున్నారు.

ఈలోగా, ఒంటె బయల్దేరిందని తమ తెర మీద అక్షరాలు పరిగెత్తించాడు. చేమంతి అంకె నలభై తొమ్మిదికి ఎగిరింది.

"చూశారా! ప్రేక్షకుడి మనసు నాకు తెలుసు," అన్నాడు దుర్గేష్. చాలా రోజులకు తనమీద తనకు గౌరవం కలిగింది.

ఫోన్ మోగింది. ఒంటెను తెచ్చిన బాబూ మియా.

"సాబ్, ఒంటె లిఫ్టుల పడ్తలేదు. జర మీరే కిందికి రండ్రి."

"సెల్లార్లోనే కట్టేయండి. బెత్లెహేమును కిందికి దింపుతున్నాం!"

పది నిమిషాల్లో పశువుల పాక రెండు కార్ల మధ్యకు చేరింది. అప్పుడే హైందవి కేకేసింది.

"సార్, మువ్వలో దేవదూతలు తాళ్ల మీద దిగుతున్నారు! ఆరుగురు!"

మువ్వ యాభై ఎనిమిది.

దుర్గేష్ మిగతావాళ్లనూ మువ్వ చూడమన్నాడు. అకౌంట్స్ వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, క్యాంటీన్ కుసుమకుమారి, ఎవరినీ వదల్లేదు. వంశీధర్ రెప్ప వేసినా తనకు తెలియాలి. చివరికి రాఘవయ్య గారు కూడా కళ్లజోడు సర్దుకుని ఫోన్ తీశారు.

"ఏంటయ్యా, వాళ్లది బానే ఉందే! మా ఆవిడ ఫోన్ కూడా నా దగ్గరే ఉంది. తెరవనా?"

"తెరవండి సార్."

హైందవి మెల్లగా అడిగింది. "సార్, మన ప్రోగ్రాం ఎవరైనా చూడొద్దా?"

"మనది మనం చూసుకుంటే ఏమొస్తుందమ్మా? జనం చూస్తున్నారుగా."

ఏడూ యాభై తొమ్మిది. మువ్వ డెబ్భై తొమ్మిది, చేమంతి డెబ్భై ఎనిమిది. దుర్గేష్‌కు ఒకటో తారీఖు ఉదయం కళ్ల ముందు కనిపించింది. ఎక్కడికీ వెళ్లే పని లేని ఉదయం. వంశీధర్ గురించి ఆలోచించే పని కూడా లేని ఉదయం. అదే ఎక్కువ భయపెట్టింది.

సెల్లార్లో ఒంటె బాలయేసు తొట్టిలోని గడ్డిని తినడం మొదలుపెట్టింది.

చేమంతి డెబ్భై తొమ్మిది. ఎనభై. ఎనభై మూడు.

ఎనిమిది కొట్టింది. షావుకారు ఫోన్ వచ్చింది. ప్రకటనలు చేమంతికే. చప్పట్లు, ఈలలు. రాఘవయ్య గారు దుర్గేష్‌ను కావలించుకున్నారు.

"చాలు," అన్నాడు దుర్గేష్. "ఇక ఆ మువ్వ మొహం ఎవరూ చూడక్కర్లేదు. అందరూ ఫోన్లు కట్టేయండి."

అందరూ కట్టేశారు.

గెలుపును ఇంకోసారి కళ్లారా చూసుకుందామని అతను గోడ వైపు తిరిగేసరికి మువ్వ అంకె డెబ్భై తొమ్మిది నుంచి సున్నాకు పడిపోయింది. అతను నోరు తెరిచేలోగా, అక్కడ అమీర్‌పేటలో వంశీధర్ కూడా తనవాళ్లతో చాలు, కట్టేయండి అన్నాడో ఏమో, చేమంతి ఎనభై మూడూ సున్నా అయింది.