వెనక గోడ

మిల్లులో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళతో కలిసి నా భార్య ఈ పార్టీ పెట్టింది. సభల్లో వాళ్ళు కూర్చోవాలి, నాయకురాలు నిలబడాలి. అదే మొదటి నియమం.

ఈరోజు ఆమె సంతాప సభ. కుర్చీలన్నీ చందాలిచ్చే పెద్దలకే సరిపోయాయి. మిల్లు ఆడవాళ్ళు షిఫ్టు దిగి వచ్చి వెనక గోడవారన నిలబడ్డారు.

ఇప్పటి అధ్యక్షురాలు మా అమ్మాయి. వేదిక దగ్గరికి వెళ్ళాను.

"వాళ్ళని కూర్చోబెట్టమ్మా."

"వాళ్ళకి అలవాటేగా నాన్నా. నువ్వెళ్ళి కూర్చో, మళ్ళీ మోకాళ్ళు పట్టేశాయంటావు."

నేను గోడ దగ్గరికి నడిచాను.

"రండన్నయ్యా, ఇక్కడ చోటుకేం కరువు లేదు," అంది ఒకామె.

మా అమ్మాయి మైకు అందుకుంది. కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపు నిజమైనదే.

"అమ్మ కోసం ఒక్క నిమిషం అందరూ లేచి నిలబడండి."

కుర్చీలు కదిలిన చప్పుడైంది. మాకు లేవాల్సిన పని లేకపోయింది.